అర కిలో బాతు, ఒక కాంక్రీటు దిబ్బ

2024 డిసెంబరు 29 ఉదయం దక్షిణ కొరియాలోని మువాన్ విమానాశ్రయంలో దిగబోతున్న జెజు ఎయిర్ విమానానికి పక్షులు తగిలాయి. పైలట్లు ప్రమాద సంకేతం పంపి, దిగడం మానుకుని మళ్లీ పైకి లేచారు. కొద్ది నిమిషాలకే రన్‌వే రెండో కొస నుంచి వచ్చిన విమానం, చక్రాలు బయటికి రాకుండానే పొట్ట మీద వాలింది. అలాగే రాసుకుంటూ పోయి, రన్‌వే చివర దాటి, అక్కడున్న మట్టి దిబ్బను గుద్దుకుంది. ఆ మట్టి లోపల ఉన్నది కాంక్రీటు. 181 మందిలో 179 మంది చనిపోయారు. తర్వాత ఇంజిన్లు విప్పి చూస్తే రెండింటిలోనూ బైకాల్ టీల్ అనే బాతు ఈకలు, రక్తపు మరకలు దొరికాయి. సైబీరియా నుంచి చలికాలం గడపడానికి గుంపులు గుంపులుగా కొరియాకు వచ్చే ఈ బాతు బరువు దాదాపు అర కిలో.

విమానాశ్రయ నిర్వహణలో ఆ బాతు, ఆ దిబ్బ వేర్వేరు ఫైళ్లలో ఉంటాయి. పక్షుల సంగతి ఒక విభాగం చూసుకుంటుంది. దిబ్బ మీద నిలబెట్టిన యాంటెన్నా, అంటే దిగే విమానానికి రన్‌వే మధ్యగీతను చూపించే సాధనం, మరొకరి బాధ్యత. దిబ్బ కట్టిన ఇంజనీర్లు ఇంకొకరు. ప్రమాదానికి ఈ పంపకాలు తెలియవు. పక్షి తగలడంతో మొదలైనది ఎంతమందితో ఆగుతుందో తేల్చేవాటిలో రన్‌వే చివర ఏముందన్నదీ ఒకటి. విమాన భద్రత అనగానే పైలట్ల నేర్పు గురించీ ఇంజిన్ల గొప్పతనం గురించీ మాట్లాడుకోవడం మనకు అలవాటు. రన్‌వే విషయంలో మాత్రం చాలా భాగం నేల దగ్గరే తేలిపోతుంది: అక్కడ ఏ గడ్డి పెరుగుతోంది, నీరు ఎక్కడ నిలుస్తోంది, గోడ అవతల ఎవరు ఏం పారబోస్తున్నారు, చివరి మీటర్లలో ఏం కట్టి వదిలేశారు.

అర కిలో పక్షి అంత పెద్ద యంత్రాన్ని ఏం చేయగలదన్న సందేహం సహజం. జవాబు పక్షి బరువులో కన్నా విమానం వేగంలో ఉంది. వేగం రెట్టింపైతే తాకిడి శక్తి నాలుగు రెట్లవుతుంది. నాలుగు కిలోల పెద్ద బాతు గంటకు 280 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న విమానానికి తగిలితే, టన్ను బరువున్న వస్తువును నాలుగడుగుల ఎత్తు నుంచి జారవిడిచినంత దెబ్బ. అదంతా పలచటి ఇంజిన్ రేకు అంచు మీద పడుతుంది. ఒక రేకు వంగితే లోపలికి వెళ్లే గాలి దారి తప్పుతుంది, విరిగితే ఆ ముక్క వెనకున్న రేకులను కొట్టుకుంటూ పోతుంది.

ఇంజిన్లను పక్షులతో పరీక్షించే అమ్ముతారు. కానీ ఆ పరీక్ష ఏం హామీ ఇస్తుందో చూడాలి. గుంపుగా ఎగిరే మధ్యరకం పక్షులు లోపలికి వెళ్లినా ఇంజిన్ నాలుగింట మూడు వంతుల శక్తితో నడుస్తూనే ఉండాలి. ఒంటరి పెద్ద పక్షి వెళ్తే మాత్రం నడవాలన్న షరతే లేదు. మంట అంటుకోకుండా, ముక్కలు బయటికి చిమ్మకుండా ఆగిపోతే చాలు. ఒక ఇంజిన్ ఆగినా రెండోది ఉంటుందన్నది దీని వెనకున్న లెక్క. గుంపు రెండింటిలోకీ ఒకేసారి దూరితే ఆ లెక్క చెల్లదు. 2009 జనవరి 15న న్యూయార్క్ లగార్డియా నుంచి లేచిన యూఎస్ ఎయిర్‌వేస్ విమానానికి జరిగింది అదే. కెనడా గూస్ జాతి పెద్ద బాతులు రెండు ఇంజిన్లనూ ఆర్పేశాయి. పైలట్లు హడ్సన్ నదిలో దించారు, 155 మందీ బతికారు. 2019 ఆగస్టులో మాస్కో దగ్గర జుకోవ్‌స్కీ నుంచి లేచిన ఉరల్ ఎయిర్‌లైన్స్ విమానంలోకి సముద్రపు కాకులు దూరాయి. అది మొక్కజొన్న చేలో వాలింది, అందులోనూ అందరూ బతికారు. అదృష్టం అన్నిసార్లూ కలిసిరాదు. 1960 అక్టోబరు 4న బోస్టన్‌లో మన గోరింకలకు దగ్గరి చుట్టాలైన స్టార్లింగ్ పక్షుల గుంపు ఎలక్ట్రా విమానాన్ని కూల్చింది, 62 మంది పోయారు. 1988లో ఇథియోపియాలోని బహిర్‌దార్‌లో పావురాలు 35 మంది ప్రాణాలు తీశాయి.

ఈ తాకిళ్లు ఎక్కడ జరుగుతాయన్నది ఇంకా ముఖ్యం. 1973లో పశ్చిమాఫ్రికా తీరం మీద 37,000 అడుగుల ఎత్తులో ఒక రాబందు విమానానికి తగిలిన ఉదంతం ఉంది. అది పక్షులు ఎంత ఎత్తుకు ఎగరగలవో చెప్పేటప్పుడు పనికొచ్చే ముచ్చట మాత్రమే. అమెరికా పౌర విమానయాన సంస్థ 1990 నుంచి కూడబెట్టిన నివేదికల ప్రకారం ప్రయాణికుల విమానాలకు తగిలే పక్షుల్లో పదింట తొమ్మిది 3,500 అడుగుల లోపే తగులుతున్నాయి, మెజారిటీ 500 అడుగుల లోపే. అంటే విమానాశ్రయం ప్రహరీ లోపలో, దాన్ని ఆనుకునో. నెపం ఆకాశం మీదకు నెట్టడానికి వీల్లేదు.

పక్షి కళ్లతో చూస్తే విమానాశ్రయం ఒక అపురూపమైన చోటు. కనుచూపు మేర బయలు, మనుషుల సంచారం తక్కువ, వేటగాళ్లు లేరు, పిల్లి పొంచి ఉండే పొద లేదు. వాన వెలిసిన ఉదయం రన్‌వే అంచును దగ్గరగా చూస్తే సంగతి అర్థమవుతుంది. నేల నానిపోయి ఊపిరాడని వానపాములు రాత్రికి రాత్రే గట్టి నేల మీదికి పాకుతాయి. తెల్లారేసరికి తడి తారు మీద గులాబీ రంగు దారపు ముక్కల్లా పడి ఉంటాయి. వాటికోసం ముందు చిన్న పిట్టలు, ఆ వెనక కాకులు, కొంగలు వస్తాయి. మొదటి విమానం వేళకు అక్కడ పంక్తి భోజనం సాగుతూ ఉంటుంది. ఊడ్చే బండి ఒక గంట ముందు తిరిగిన రోజుకూ తిరగని రోజుకూ తేడా ఎంతో అక్కడ పనిచేసే వారికి తెలుసు.

గడ్డి సంగతి ఇంకా చిక్కు. రన్‌వేకి రెండు పక్కలా ఉండే నేలలో అత్యధిక భాగం గడ్డే, దాన్ని ఎంత ఎత్తు పెంచాలన్న దాని మీద దశాబ్దాలుగా వాదన నడుస్తోంది. బ్రిటన్‌లో 15 నుంచి 20 సెంటీమీటర్ల వరకు పెరగనిచ్చే పద్ధతి ఉంది. పొట్టి గడ్డిలో పురుగులు సులువుగా దొరుకుతాయి, శత్రువు దూరం నుంచే కనబడుతుంది. గడ్డి పెరిగితే స్టార్లింగ్‌లకూ తీతువులకూ పక్కనున్న తోటి పక్షి కూడా కనబడదు, బెదురు పుట్టి వెళ్లిపోతాయి. ఇంతవరకు బాగుంది. కానీ అదే పొడవు గడ్డి ఎలుకలకు మంచి ఇల్లు. ఎలుకలు పెరిగాక గద్దలు, గుడ్లగూబలు వస్తాయి. చిన్న పక్షులను పంపించి పెద్ద పక్షులను పిలిచినట్టవుతుంది. కాబట్టి ఒక దేశంలో పనిచేసిన ఎత్తును తెచ్చి ఇంకో దేశపు నియమావళిలో అచ్చు వేయడం తెలివితక్కువ పని. ముందు అక్కడ ఏ పక్షి వస్తోందో, అది ఏం తింటోందో తెలియాలి. గడ్డి కోసిన రోజు మరో తంటా: కోత యంత్రం వెనక పురుగులన్నీ బయటపడి విందు మొదలవుతుంది. అందుకే తెలిసినవారు రాత్రిపూట కోయిస్తారు. న్యూజిలాండ్ శాస్త్రవేత్తలు ఇంకో అడుగు వేసి, గడ్డి లోపలే ఉండే ఒక బూజు సాయంతో పురుగులకూ పక్షులకూ సరిపడని గడ్డి రకాన్ని తయారు చేశారు. క్రైస్ట్‌చర్చ్, ఆక్లండ్ విమానాశ్రయాల్లో దాన్ని నాటారు. తిన్న పక్షికి కడుపులో తిప్పుతుంది, మళ్లీ ఆ వైపు రావడానికి జంకుతుంది.

ఏ పక్షి తగిలిందో తెలుసుకోవడం అనుకున్నంత సులువు కాదు. తాకిడి తర్వాత మిగిలేది చాలాసార్లు ఇంజిన్ అంచున ఒక ఎర్రటి మరక, రెండు మూడు నూగు పోగులు. మెకానిక్ దాన్ని తడి కాగితంతో తుడిచి, కవరులో పెట్టి ప్రయోగశాలకు పంపుతాడు. వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ సంస్థలో ఈ విద్యకు ఆద్యురాలు రాక్సీ లేబోర్న్. బోస్టన్ ప్రమాదంలో దొరికిన ఈక ముక్కలను చూసి అవి స్టార్లింగ్‌లవని తేల్చింది ఆమే. ఈక అడుగున ఉండే నూగును సూక్ష్మదర్శిని కింద పెడితే పోగుల మీద చిన్న చిన్న కణుపులు కనిపిస్తాయి. బాతుల నూగులో అవి ముక్కోణంగా ఉంటాయి, పావురాల నూగులో విచ్చుకుంటున్న పువ్వు ఆకారంలో. ఇప్పుడు డీఎన్ఏ పరీక్ష కూడా తోడైంది. ఒకసారి 1,500 అడుగుల ఎత్తున తగిలిన పక్షి తాలూకు మరకను పరీక్షిస్తే జింక అని వచ్చింది. ఎగిరే జింక కాదు లెండి, చచ్చిన జింకను తిన్న రాబందు.

ఇదంతా పండితుల కాలక్షేపం అనుకోకూడదు. హడ్సన్ ఘటన తర్వాత న్యూయార్క్ చుట్టుపక్కల స్థిరపడిన కెనడా బాతులను పట్టి చంపే కార్యక్రమం మొదలుపెట్టారు. ఇంజిన్లలో దొరికిన ఈకలను రసాయనికంగా విశ్లేషిస్తే మరో సంగతి బయటపడింది: ఆ విమానాన్ని కూల్చినవి ఊరి బాతులు కావు, ఉత్తరాన కెనడా నుంచి వలస వచ్చినవి. స్థానిక బాతులను తగ్గించడం వల్ల వేరే లాభం ఉండవచ్చు. ఆ ఒక్క ప్రమాదాన్ని మాత్రం అది ఆపి ఉండేది కాదు. వలస గుంపులకు కావలసినవి వేరు: ఏ నెలలో, ఏ దిక్కు నుంచి, ఏ వేళలో వస్తాయో చెప్పే సమాచారం, వాటిని పసిగట్టే రాడార్, ఆ పది నిమిషాలు విమానాన్ని ఆపే అధికారం ఉన్న మనిషి.

బెదిరించడం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. గ్యాసుతో పేలే ఫిరంగులు, పక్షుల ఆర్తనాదాలు వినిపించే మైకులు, లేజర్ కిరణాలు, శిక్షణ పొందిన సాళువ డేగలు, కుక్కలు, ఈ మధ్య డేగ ఆకారపు డ్రోన్లు కూడా వచ్చాయి. అన్నీ కొంతకాలం పనిచేస్తాయి. పేలుడు వినిపించిన తర్వాత ఏమీ జరగడం లేదని పక్షులకు వారంలో తెలిసిపోతుంది. చేలో దిష్టిబొమ్మ నెత్తినే కాకి వాలడం చూసినవారికి ఇందులో వింత లేదు. సాళువలు, కుక్కలు కాస్త మెరుగు, ఎందుకంటే అవి నిజంగానే తరుముతాయి. ఎప్పుడు ఎటునుంచి వస్తాయో కూడా పక్షులకు అంతుబట్టదు. అయినా తిండి అక్కడే ఉన్నంత కాలం వెళ్లినవి మళ్లీ వస్తాయి. బడ్జెట్లో బెదిరింపు సామగ్రికి ముందు వరుస, మురుగు కాల్వల మరమ్మతుకు చివరి వరుస దక్కడం ఈ రంగంలో పాత జబ్బు. సామగ్రిని ఫోటో తీసి చూపించవచ్చు, నీరు నిలవని గుంటను ఫోటో తీస్తే ఏముంటుంది?

మెతుకులు చల్లితే కాకులకు కొదవా అన్న సామెత ప్రహరీ అవతల మరీ నిజం. చెత్త గుట్టలు, కబేళాలు, చేపల మార్కెట్లు, చెరువులు విమానాశ్రయం చేతిలో ఉండవు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ మార్గదర్శకాల్లో చెత్త డంపింగ్ యార్డులకు సంబంధించి 13 కిలోమీటర్ల వలయం ప్రస్తావన ఉంది. ఆ వలయంలో ఎన్ని పురపాలికలు, ఎందరు రైతులు, ఎన్ని వ్యాపారాలు ఉంటాయో ఊహించవచ్చు. దూరం ఒక్కటే చాలదు కూడా. పక్షులు పడుకునే చెట్లు రన్‌వేకి ఒక పక్కన, తిండి దొరికే గుట్ట మరో పక్కన ఉంటే, రెండూ తగినంత దూరంలో ఉన్నా పొద్దునా సాయంత్రం గుంపులన్నీ విమానాల దారికి అడ్డంగానే ఎగురుతాయి. ఆమ్‌స్టర్‌డామ్ స్కిపోల్ విమానాశ్రయం చుట్టూ ఉన్న రైతులతో ఒక ఒప్పందం ఉంది. పంట కోసిన వెంటనే మోళ్లను దున్నేస్తే వారికి డబ్బు ముడుతుంది, రాలిన గింజల కోసం వచ్చే బాతులకు తిండి ఉండదు. తుపాకులతో పోలిస్తే చౌకైన పని, దానికి కావలసిందల్లా ప్రహరీ అవతలి వారితో కూర్చుని మాట్లాడటం.

ఎగరని జంతువులకు మంచి కంచె వేస్తే సగం పని అయినట్టే. కంచె అడుగును నేలలోకి దింపాలి, లేకపోతే తవ్వుకుని వస్తాయి. కాల్వ కంచెను దాటే చోట ఊచలు ఉండాలి. 2014లో సూరత్‌లో లేవబోతున్న విమానానికి గేదె తగిలింది. దాని గురించి జోకులు వేసుకున్నవారు, ఇంజిన్ నలిగిన ఫోటో చూశాక ఆపేసి ఉంటారు.

ఇక రన్‌వే. ఇక్కడి ప్రమాదాలు రెండు రకాలు: విమానం రన్‌వే దాటిపోవడం, రన్‌వే మీద ఉండకూడనిది ఉండటం.

దాటిపోయే విమానానికి తగినంత మెత్తని బయలు కావాలి. నిబంధనల ప్రకారం పెద్ద రన్‌వేల చివర 60 మీటర్ల చదును, దాని తర్వాత కనీసం 90 మీటర్ల భద్రతా ప్రాంతం తప్పనిసరి, 240 మీటర్లు ఉండాలన్నది సిఫారసు. తప్పనిసరికీ సిఫారసుకూ మధ్యనున్న ఆ 150 మీటర్లే చాలా దేశాల్లో బేరసారాల చోటు. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క హైవే ఉన్న విమానాశ్రయానికి అంత నేల దొరకదు. అలాంటి చోట తేలికైన నురుగు సిమెంటు దిమ్మెలు పరుస్తారు. చక్రాలు వాటిలో కూరుకుపోయి, నలిగిన దిమ్మెలు వేగాన్ని మింగేస్తాయి. మెత్తటి ఇసుకలో సైకిలు దిగబడినట్టే. న్యూయార్క్ కెనడీ విమానాశ్రయంలో 1999లో ఒక చిన్న విమానం, 2005లో ఏకంగా బోయింగ్ 747 ఇలా ఆగాయి. మరో నియమం ఇంకా సరళం: రన్‌వే దారిలో తప్పక ఉండవలసిన యాంటెన్నాలు, దీపాలు తగలగానే విరిగిపోయే కాళ్ల మీద నిలబడాలి. మువాన్‌లో యాంటెన్నా తేలికైనదే. బరువంతా దాన్ని మోసే గద్దెలో, అంటే ఆ కాంక్రీటు దిబ్బలో ఉంది. ఎత్తు సరిపోవడానికి కట్టిన ఆ గద్దె విమానాలకు గోడగా మారుతుందన్న ఆలోచన డ్రాయింగు దశలోనే రావలసింది.

తడి రన్‌వే మరో తలనొప్పి. మూడు మిల్లీమీటర్లకు మించి నీరు నిలిస్తే చక్రాలు నీటి మీద తేలడం మొదలవుతుంది. బ్రేకులు ఎంత మంచివైనా పట్టు దొరకదు. దిగేచోట టైర్ల రబ్బరు పొరలు పొరలుగా అంటుకుని నేలను ఇంకా నున్నగా చేస్తుంది. నీటి ధారలతో దాన్ని గీకాలి, అడ్డంగా సన్నని గాడులు కోయాలి. 2021 నవంబరు నుంచి అంతర్జాతీయంగా ఒకే కొలమానం అమల్లోకి వచ్చింది: రన్‌వేను మూడు ముక్కలుగా చూసి, ఒక్కో ముక్కకు 0 నుంచి 6 వరకు అంకె ఇచ్చి పైలట్‌కు చెబుతారు. పొడిగా ఉంటే 6. "కాస్త తడిగా ఉంది" అన్న మాటకు తలా ఒక అర్థం తీసే రోజులు అలా పోయాయి.

మాటల సంగతి వచ్చింది కాబట్టి స్పెయిన్‌కు చెందిన టెనెరీఫ్ దీవిలో జరిగిన ప్రమాదాన్ని తలచుకోక తప్పదు. 1977 మార్చి 27న మంచులో రెండు బోయింగ్ 747లు ఒకే రన్‌వే మీద ఢీకొని 583 మంది చనిపోయారు. అనుమతి వచ్చిందనుకున్న ఒక కెప్టెన్, టేకాఫ్ అన్న మాటను ఇద్దరు రెండు రకాలుగా అర్థం చేసుకోవడం, ఒకేసారి ఇద్దరు మాట్లాడటంతో రేడియోలో వినిపించిన కీచుమనే శబ్దం. అప్పటి నుంచి టేకాఫ్ అన్న మాటను అనుమతి ఇచ్చేటప్పుడు, లేదా రద్దు చేసేటప్పుడు మాత్రమే పలకాలన్న నియమం వచ్చింది. అయినా 2024 జనవరి 2న టోక్యో హనేదాలో అదే కథ కొత్త రూపంలో జరిగింది. బయలుదేరే వరుసలో మీరు మొదటివారు అన్న మాటను రన్‌వే మీదికి వెళ్లవచ్చన్నట్టు తీసుకున్న కోస్ట్ గార్డ్ విమానం, రన్‌వే ఎక్కి సుమారు 40 సెకన్లు ఆగి ఉంది. వెనక నుంచి జపాన్ ఎయిర్‌లైన్స్ విమానం దాని మీదే దిగింది. పెద్ద విమానంలోని 379 మందీ మంటల నుంచి బయటపడ్డారు, చిన్నదానిలోని ఆరుగురిలో ఐదుగురు చనిపోయారు. కంట్రోలర్ తెర మీద హెచ్చరిక వెలిగింది, కానీ ఎవరూ గమనించలేదు. రన్‌వే ముందు ఆగమని చెప్పే ఎర్ర దీపాల వరుస ఆ రోజుల్లో మరమ్మతులో ఉంది. ఎవరూ చూడని హెచ్చరిక, వెలగని దీపం, సరిగ్గా అందని ఒక మాట, విడివిడిగా ఏదీ ప్రాణాంతకం కాదు. హెచ్చరికలను విపరీతంగా మోగించడం కూడా పరిష్కారం కాదు. నాన్నా పులి కథలో పిల్లవాడి గతే రాడార్‌కూ పడుతుంది.

రన్‌వే మీద పడి ఉన్న చిన్న వస్తువు ఎంత పని చేయగలదో 2000 జూలై 25న పారిస్‌లో తెలిసింది. అంతకు ముందు లేచిన విమానం నుంచి ఊడిపడిన 43 సెంటీమీటర్ల లోహపు పట్టీ కాంకార్డ్ విమానం టైరును చీల్చింది. విమానం కూలి 113 మంది పోయారు. ఇప్పటికీ చాలా చోట్ల రన్‌వేను జీపులో తిరుగుతూ కంటితోనే వెతుకుతారు. కొన్ని చోట్ల మాత్రం రాడార్లు, కెమెరాలు ఆ పని చేస్తున్నాయి.

ఆ జీపులో తిరిగే మనిషికి రోజూ కనిపించేవి చచ్చిన పిట్ట, కదిలిన దీపం, రాయి ముక్క, కొత్తగా నిండిన గుంట. వాటిని రాసిపెట్టడం, రాసినదాన్ని ఎవరైనా చదవడం చాలా తేడా తెస్తాయి. పక్షి తాకిడి నివేదికలు పెరిగితే భద్రత తగ్గిందని పత్రికలు రాస్తాయి. నిజానికి చాలాసార్లు అది జనం నిజాయతీగా చెప్పడం మొదలుపెట్టారన్న గుర్తు. కెనడీ విమానాశ్రయంలో 2011 జూన్ చివర్లో ఒక ఉదయం పైలట్లు రన్‌వే మీద తాబేళ్లు ఉన్నాయని చెప్పారు. పక్కనున్న జమైకా బే ఉప్పు నీటి నుంచి గుడ్లు పెట్టడానికి ఇసుక వెతుక్కుంటూ 150కి పైగా పాకి వచ్చాయి. రన్‌వే మూసి, సిబ్బంది వాటిని ఒక్కొక్కటిగా ఎత్తి ట్రక్కులో వేసి దూరంగా వదిలారు. ఆ తర్వాత ఒడ్డు వెంబడి నల్లని ప్లాస్టిక్ గొట్టాన్ని వేశారు. ఎత్తు కొద్ది అంగుళాలే. తాబేలు ఎక్కలేదు, అంత ఎత్తు చాలు.